వైరు పీకిన మధ్యాహ్నం

నాకు కోపం ఎక్కువ. మా రైల్వే కాలనీ న్యూ సెటిల్‌మెంట్‌లో ఏ క్వార్టర్ తలుపు తట్టి అడిగినా ఈ మాట చెబుతారు, కావాలంటే టీ ఇచ్చి మరీ చెబుతారు. ఆ శనివారం మధ్యాహ్నం నేను చేసిన పని కూడా కోపంతోనే చేశానని ఇప్పటికీ అనేవాళ్ళున్నారు. అననీ. ఆ రోజు నేను ఎంత తటపటాయించానో చూసిన మనిషి ఒక్కరే. ఆయన ఎవరికీ చెప్పలేదు.

మా తెలుగు చర్చికి ఒక వెబ్‌సైట్ ఉంది. పెట్టింది నేనే, దానికి జ్వరమొస్తే మందేసేదీ నేనే. బడిలో పిల్లలకు కంప్యూటర్ చెప్పే టీచర్ని కాబట్టి "నీకు తెల్దేటమ్మా" అని అందరూ కలిసి నా నెత్తిన పెట్టారు. బయటి కంపెనీ సర్వర్‌లో పెడితే నాకు తలనొప్పి ఉండేది కాదు. మా సంఘ పెద్ద ఒప్పుకోలేదు. ఆయన రైల్వే సిగ్నల్ పనిలో జీవితమంతా గడిపి రిటైరైన మనిషి, నాకు వరసకు బాబాయి. "మన సామాను మన యార్డులోనే ఉండాల" అని తేల్చేశారు. అంతే, చర్చి ఆఫీసు గదిలో ఇనప బీరువా పక్కన ఒక పాత కంప్యూటర్‌ను నిలబెట్టి, దాన్నే సర్వర్ చేశాను. పండగ ఫోటోలు, ఆదివారం ప్రసంగాలు, పెళ్ళి ప్రకటనలు అన్నీ దాని కడుపులోనే. రక్తదాతల పేజీ కూడా అందులోనే ఉంది, గొలుసు ప్రార్థన పేజీ కూడా.

గొలుసు ప్రార్థన మా తాతల నాటి అలవాటు. కోస్తా నుంచి రైల్వే పనికని వచ్చి ఈ బెంగాలీ ఊళ్ళో దిగిపోయినవాళ్ళు మొదలుపెట్టారు. ఎవరికైనా ప్రాణం మీదికొస్తే ఇళ్ళన్నీ వంతులు వేసుకుంటాయి. ఒక ఇంటి వంతు అయ్యాక ఆ ఇంటివాళ్ళు చిన్న చెక్క సిలువ ఒకటి పట్టుకెళ్ళి పక్కింటివాళ్ళ చేతిలో పెట్టి "అందుకోండి" అనేవారు. సింగిల్ లైన్ మీద డ్రైవర్ చేతికి టోకెన్ అందితేనే బండి కదిలినట్టు, సిలువ అందితేనే తర్వాతి వంతు మొదలు. వంతులో ఉన్న మనిషి గదిలో తలుపేసుకుంటాడు. ఆ తలుపు ఎవరూ తట్టకూడదు, ఇల్లు అంటుకున్నా సరే. మంచో చెడో కబురు వచ్చేదాకా గొలుసు తెగకూడదు.

వెబ్‌సైట్ వచ్చాక సిలువ సొరుగులోకి వెళ్ళింది, వంతులు పేజీలోకి వచ్చాయి. ఇప్పుడు ఏ ఇల్లు ప్రార్థనలో ఉందో ఆ పేజీ చూపిస్తుంది. ముసలివాళ్ళకు వేళ్ళతో నొక్కడం రాదు, అది దానంతటదే మారుతూ ఉండాలని బాబాయి పట్టుబట్టారు. అలాగే పెట్టాను.

ఇక ఆ శనివారం సంగతి. పొద్దున మా తమ్ముడి భార్యకు కాన్పయింది. ఆడపిల్ల. మిఠాయి తేవడానికి మలంచా రోడ్డుకు బయలుదేరుతుండగా తమ్ముడు ఫోన్ చేశాడు. వాడి గొంతు నేనెరిగిన గొంతులా లేదు.

"అప్పా, దానికి రక్తం ఆగట్లేదే. ఓ నెగెటివ్ కావాల. ఇక్కడున్న ఒక్క సంచీ ఎక్కించేసినారు. మిద్నాపూర్ నుంచి తెప్పిస్తాం అంటన్నారు, ఎప్పటికొస్తాదో సెప్పట్లేదు. మనోళ్ళల్లో ఎవులున్నారో సూడు. బేగి సూడు."

ఓ నెగెటివ్ ఉన్నవాళ్ళకు అదే రక్తం ఎక్కించాలి, వేరేది పనికిరాదు. ఉన్నవాళ్ళేమో ఊరికి నలుగురు కూడా దొరకరు. నేను నిలబడిన చోటే వాట్సాప్‌లో పెట్టాను: ఓ నెగెటివ్ రక్తం అర్జెంటుగా కావాలి, ఎవరైనా ఉన్నారా. క్షణంలో జవాబులు వచ్చి పడ్డాయి. అన్నీ దండాలు. రెండు చేతులు జోడించిన బొమ్మలు, వాటి కింద ఆమేన్‌లు, ఆ కింద "ప్రార్థిస్తున్నాం సిస్టర్, గొలుసు మొదలెట్టేశాం", మళ్ళీ దండాలు. నా ప్రశ్న ఆ దండాల కింద పడి ఎక్కడికి పోయిందో పోయింది. మళ్ళీ పెట్టాను. మళ్ళీ దండాలు. ఓరి మీ భక్తి బంగారంగానూ, రక్తం అడిగితే దండం పెడతారేమిటర్రా అని రోడ్డు మీదే అరిచాను. బ్యాటరీ రిక్షా తోలే టోటో దాదా ఒకడు బండి ఆపి మరీ చూశాడు.

సరే, వెబ్‌సైట్‌లో రక్తదాతల పేజీ ఉందిగా. ఎవరిది ఏ గ్రూపో, ఫోన్ నంబరేమిటో అందులో ఉంటుంది. తెరిచాను. తెరమీద గుండ్రటి గీత తిరుగుతోంది. తిరుగుతూనే ఉంది. మూసి మళ్ళీ తెరిచాను. అదే గీత. చివరికి సర్వర్ బదులు ఇవ్వడం లేదని ఇంగ్లీషులో ఒక ముక్క పడేసింది. స్కూటీ తిప్పి చర్చికి పోనిచ్చాను.

ఆఫీసు గదిలో బాబాయి కుర్చీలో కూర్చుని ఉన్నారు. గొలుసు మొదలైనప్పటి నుంచి ముగిసేదాకా ఆయన అక్కడే ఉంటారు, చేతిలో ఫోన్, ఫోన్‌లో ఆ పేజీ. నన్ను చూసి "ఏటమ్మా, పేజీ బిగిసిపోయినట్టుంది" అన్నారు. నేను జవాబు చెప్పకుండా కంప్యూటర్ ముందు కూలబడ్డాను.

మొదట ఇంటర్నెట్ లైను మీద అనుమానం వచ్చింది. అది శుభ్రంగా ఉంది. ఎండ వల్ల డబ్బా వేడెక్కి మొరాయిస్తోందేమోనని పక్క రేకు ఊడదీసి, టేబుల్ ఫ్యాన్ దాని మొహాన పెట్టాను. ఏం లాభం లేదు. తర్వాత ఫోటోల మీద పడ్డాను. పోయినవాళ్ళ ఫోటోలు చిన్నవి చేస్తే వాళ్ళను చిన్నబుచ్చినట్టని మా వాళ్ళ నమ్మకం, అందుకే ఒక్కో తాతగారి ఫోటో గోడంత ఉంటుంది. ఆ ఫోటోల పేజీని ఆపేశాను. మొదటి పేజీలో బొమ్మల్ని కదిలించడానికి తగిలించిన అదనపు ముక్కను, అదే ప్లగిన్‌ను, తీసేశాను. పాటల ప్లగిన్ తీసేశాను. ఒక్కోటి తీయడానికే అది ప్రాణం తీస్తోంది, ఒక బటన్ నొక్కి ఒక కీర్తన పాడుకోవచ్చు. అయినా సైట్ కదల్లేదు.

తమ్ముడు మళ్ళీ ఫోన్ చేశాడు. "దొరికినారా?"

"సూస్తన్నాను."

"ఒళ్ళు సల్లబడతంది అప్పా."

వాడు చిన్నప్పుడు చెట్టు మీంచి పడి చెయ్యి విరిగినప్పుడు కూడా ఏడవలేదు. ఆ మాట అంటూ ఏడ్చాడు. నేను ఫోన్ పెట్టేసి మిషన్‌ను మొత్తం ఆపి మళ్ళీ లేపాను.

లేవగానే సైట్ చకచకా తెరుచుకుంది. మొదటి పేజీ వచ్చింది. అమ్మయ్య అని రక్తదాతల పేజీ నొక్కి పాస్‌వర్డ్ కొడుతుండగానే మళ్ళీ మందగించి, బిగుసుకుని, గుండ్రటి గీత తిప్పడం మొదలుపెట్టింది. మళ్ళీ ఆపి లేపాను. మళ్ళీ అంతే, రెండు ఊపిర్లు తీసుకుని మూడోది ఆపేసింది. అప్పుడు వెలిగింది నాకు. దీనికి జబ్బు లేదు. లేచిన క్షణంలోనే ఎవరో దీని మీద పడి పీక పిసుకుతున్నారు.

ఎవరెవరు ఏ పేజీ అడుగుతున్నారో సర్వర్ ఒకచోట రాసుకుంటుంది. అది తెరిస్తే నల్ల తెరమీద వరసలు వానలా దిగిపోతున్నాయి. ఒకటే పేజీ. గొలుసు ప్రార్థన. మళ్ళీ గొలుసు ప్రార్థన. మా చర్చివాళ్ళు ఏ ఇంట్లో ఎన్ని ఫోన్లుంటే అన్ని ఫోన్లలో ఆ పేజీ తెరిచి పెట్టారు. దేవుడి దీపం ముందు కూర్చున్నట్టు కూర్చున్నారు. కబురు వచ్చేలోగా మూస్తే గొలుసు తెంచినట్టే కదా, అందుకని ఒక్కరూ మూయరు. పేజీ నిమిషానికి నాలుగుసార్లు దానంతటదే మారుతుంది, మారినప్పుడల్లా ప్రతి ఫోనూ సర్వర్‌ను మళ్ళీ అడుగుతుంది. వైజాగ్‌లో, టాటానగర్‌లో, బిలాస్‌పూర్‌లో ఉన్న చుట్టాలకు కూడా ఎవరో లింకు పంపించారు. మా మరదలి కోసం మొక్కే చేతులన్నీ కలిసి మా మరదలికి రక్తం దొరికే దారికి అడ్డం కూర్చున్నాయి.

పేజీని ఆపుదామంటే లోపలి బటన్లు కూడా ఆ తొక్కిసలాటలోనే ఇరుక్కున్నాయి. నంబర్లను నేరుగా లోపలి నుంచి తీద్దామంటే అదీ కుదరదు, రక్తం అమ్ముకునే బ్రోకర్ల బెడద వల్ల వాటికి తాళం వేసే ప్లగిన్ పెట్టాను, పేజీ తెరిస్తే తప్ప అవి చదవడానికి రావు. ఇక మిగిలింది ఒక్కటే. సర్వర్ నుంచి బయటికి వెళ్ళే వైరు. అది పీకేస్తే ఊళ్ళో ఏ ఫోనూ లోపలికి రాలేదు. మిషన్ నాకొక్కదానికే మిగులుతుంది.

వంగి వైరు పట్టుకున్నాను.

"ఏటి సేస్తన్నావమ్మా?" బాబాయి లేచి నిలబడ్డారు.

చెప్పాను. ఉన్నదున్నట్టు చెప్పాను. అందరి ఫోన్లలో పేజీ పోతుందని కూడా చెప్పాను.

ఆయన వచ్చి నా మణికట్టు పట్టుకున్నారు. ఎప్పుడూ ఎవరి మీదా చెయ్యి వెయ్యని మనిషి. "గొలుసు మద్దెలో తెంపకమ్మా. నీకు దండమెడతాను. ఒకసారి తెగినాది. మీ పిన్ని ఉండనేదు."

మా పిన్ని, అంటే ఆయన భార్య, పోయినప్పుడు గొలుసు తెగిందని సెటిల్‌మెంట్‌లో అందరికీ తెలుసు. ఎవరి వంతులో తెగిందో ఎవరికీ తెలియదు. అడిగే ధైర్యం ఎవరూ చెయ్యలేదు. ఆయన కళ్ళలోకి చూస్తే నా చెయ్యి సడలింది, అబద్ధమెందుకు. ఆ నమ్మకంలో పుట్టినదాన్ని నేను కూడా. తెంపాక మరదలు పోతే? జీవితమంతా ఆ వైరు నా చేతిలోనే ఉండిపోతుంది.

బల్ల మీద నా ఫోన్ మోగింది. తమ్ముడే. ఎత్తలేదు.

"దేవుడికి వైరు అక్కర్లేదు బాబాయ్!" అని అరిచాను. "ఆవిడికి రక్తం కావాల!" అరిచి, పీకేశాను.

గదిలో సర్వర్ రొద ఒక్కసారిగా తగ్గింది. బాబాయి తన ఫోన్ వైపు చూసుకున్నారు. ఆయన తెరమీద పేజీ తెల్లబోయింది. ఆయన గోడకు ఆనుకుని నిలబడ్డారు.

రక్తదాతల పేజీ కన్ను మూసి తెరిచేలోగా వచ్చింది. ఓ నెగెటివ్ ముగ్గురు. ఒకరు గూడ్స్ గార్డు, ఫోన్ స్విచాఫ్, బండి మీద ఉన్నాడన్నమాట. రెండోవాడు ఇంజినీరింగ్ చదివే కుర్రాడు, ఆదివారాలు మా చర్చికొస్తాడు. ఫోనెత్తాడు పాపం, సెలవులకు వరంగల్‌లో ఉన్నాడట. మూడో మనిషి పేరు చూసి కుర్చీలోంచి లేచాను. లోకో షెడ్‌లో ఫిట్టరు, మా చర్చిలో డోలక్ వాయించేది ఆయనే. చర్చి వెనక లైన్లోనే క్వార్టర్. ఫోన్ మోగింది, మోగింది, ఆగిపోయింది. మళ్ళీ చేశాను. ఎత్తలేదు.

"ఆయన ఎత్తడు" అన్నారు బాబాయి, గోడ దగ్గర్నుంచి. "ఇప్పుడు వంతు ఆయనదే."

చంకలో పిల్లిని పెట్టుకుని ఊరంతా వెతికినట్టయింది నా పని. కావలసిన రక్తం ఉన్న మనిషి మా చర్చి వెనకే తలుపేసుకుని, ఫోన్ మూగ చేసి, కళ్ళు మూసుకుని, మా మరదలికి రక్తం దొరకాలని దేవుణ్ణి అడుగుతున్నాడు. ఏ గ్రూపో రాసిన నా ముక్క ఆ దండాల కింద ఆయన కంట పడనే లేదన్నమాట.

"నేనెళ్ళి కొడితే ఆ తలుపు తియ్యరు బాబాయ్. ఆయన భార్య నన్ను గుమ్మంలోనే ఆపేస్తాది. మీరొస్తే తీస్తారు."

వంతు తలుపు తట్టకూడదన్న కట్టడిని కాపాడేది ఈయనే. పాస్టరు గారు పిలిచినా తియ్యొద్దని పిల్లలకు నేర్పిన మనిషి. నేను బతిమాలలేదు, బతిమాలడం నాకు రాదు. తాళంచెవి తీసుకుని బయటికి నడిచి స్కూటీ స్టార్ట్ చేశాను. వెనక్కి తిరిగి చూడడానికి భయమేసింది. కాసేపటికి వెనక సీటు బరువెక్కింది.

ఫిట్టరు భార్య వరండాలోనే ఉంది. "పేజీ పోనాదేటి?" అని ఆదుర్దాగా ఎదురొచ్చి, బాబాయిని చూసి ఆగిపోయింది. ఆయన చెప్పులు విడిచి లోపలికి వెళ్ళారు. మూసిన తలుపు ముందు నిలబడ్డారు. లోపలి నుంచి సన్నగా ప్రార్థన వినిపిస్తోంది, మా మరదలి పేరు రెండుసార్లు వినిపించింది. బాబాయి చెయ్యి ఎత్తారు, దించారు. నేను ఆయన వీపు మీద ఒక తోపు తోద్దామనుకున్నాను. అంతలో ఆయనే మళ్ళీ చెయ్యెత్తి గట్టిగా, పోలీసులు కొట్టినట్టు కొట్టారు.

ప్రార్థన ఆగింది. తలుపు తెరుచుకుంది. ఫిట్టరు కళ్ళు తడిగా ఉన్నాయి, మొహంలో కోపం. "ఎవులదీ..." అని, ఎదురుగా సంఘ పెద్దను చూసి నోరు మూసేశాడు.

"పార్దన సాలు నాయినా" అన్నారు బాబాయి. "నువ్వడిగేది నీ ఒంట్లోనే ఉంది. సొక్కా ఏసుకో, ఎల్లు."

ఫిట్టరు చొక్కా గుండీలు స్కూటీ మీదే పెట్టుకున్నాడు. బాబాయి అక్కడే వరండాలో ఉండిపోయారు. మలంచా రోడ్డు మీద ఆ రోజు నేను బండి నడిపిన తీరుకు ఎంతమంది బెంగాలీలో తిట్టారో దేవుడికే తెలియాలి. ఒకాయనను నేనూ తిట్టాను.

ఆస్పత్రి వరండాలో మరదలి తల్లి నేల మీద కూర్చుని ఉంది. ఒళ్ళో ఫోన్, అందులో తెల్లటి తెర. నన్ను చూడగానే రెండు చేతులూ చాచింది. "ఓలమ్మో, పేజీ మూసేసినారు. అయిపోనాదా? నాకు సెప్పకుండా మూసేసినారా?"

కబురు వస్తేనే గొలుసు ఆగుతుంది. తెర తెల్లబోయినప్పటి నుంచి ఆవిడ కూతుర్ని పోగొట్టుకుని కూర్చుంది. నాకు ఆ సంగతి తట్టనే లేదు. ఆవిడ పక్కన కూలబడి గట్టిగా పట్టుకున్నాను.

"నేదత్తా, నేదు. నేనే వైరు పీకేసినాను. రక్తం తెచ్చినాను, అదిగో ఆయనే."

నర్సు దీదీ ఫిట్టర్ను లోపలికి తీసుకుపోయింది. పరీక్షలన్నారు, కాగితాలన్నారు, ఠీక్ హై, జల్దీ అన్నారు. తలుపు మూసుకుంది. ఆ తలుపు ముందు మేం ముగ్గురం, తమ్ముడు, అత్త, నేను, ఒకరి చెయ్యి ఒకరం పట్టుకుని నిలబడ్డాం. ప్రార్థన చేద్దామంటే నాకు ఒక్క మాట గుర్తుకు రాలేదు. ఎండ తగ్గేవేళకు డాక్టరు బయటికొచ్చి, రక్తం ఆగిందని, మనిషి దక్కిందని చెప్పాడు. తమ్ముడు ఆయన కాళ్ళ మీద పడబోతే ఆయన కంగారుగా వెనక్కి తగ్గాడు. సాయంత్రం మిద్నాపూర్ సంచీ కూడా వచ్చింది. అది కూడా పనికొచ్చిందనుకోండి.

మర్నాడు ఆ పేజీని సరిచేశాను. ఇప్పుడది దానంతటదే మారదు, చూడాలనుకున్నవాళ్ళు వేలితో నొక్కాలి. అందరికీ ఒకే నకలు తీసిపెట్టి ఇస్తుంది కాబట్టి ఎంతమంది పైన పడినా మిషన్‌కు ఊపిరాడుతుంది. వంతులో ఉన్నవాళ్ళు ఫోన్ మూగ చెయ్యకూడదని పైన పెద్ద అక్షరాలతో రాశాను. గొలుసు తెంచినదాన్నని కొందరు నాతో మాట్లాడ్డం మానేశారు. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు, నా నోరు ఎలాగూ మంచిది కాదు, సర్దుకున్నాను.

మరదలు పాపను ఎత్తుకుని మొదటిసారి చర్చికి వచ్చిన ఆదివారం, ఆరాధన అయిపోయి అందరూ టీలు తాగుతుంటే బాబాయి ఆఫీసు గదిలోకి వచ్చారు. నేను సర్వర్ మీద దుమ్ము తుడుస్తున్నాను. ఆయన సొరుగు తెరిచి చెక్క సిలువ తీశారు. దాన్ని బొటనవేలితో రుద్దుతూ నిలబడ్డారు.

"ఆరోజు గొలుసు తెగినాది కదమ్మా" అన్నారు.

"తెగింది బాబాయ్. నేనే తెంపినాను."

"నేనూ తెంపినాను, తలుపు కొట్టినాను. మీరు ఎల్లిపోయాక ఆ వరండాలో కూకుని ఆ వంతు నేను సేద్దారనుకున్నాను. నోట్లోంచి మాట రానేదు. సాయంత్రం దాకా ఎవులూ అందుకోనేదు."

"అవును బాబాయ్."

"అయినా మీ మరదలు బతికినాది."

"బతికింది."

ఆయన సిలువ మీంచి తల ఎత్తలేదు. "మీ పిన్ని పోయిన రోజు వంతు నాదేనమ్మా. డబుల్ డ్యూటీ సేసొచ్చి కూకున్నాను. తలుపేసుకుని నిద్దరోపోనాను. లేచేతలికి ఇది నా ఒళ్ళోనే ఉంది. పక్కింటికి ఇయ్యనేదు. ఇన్నాళ్ళూ ఎవులికీ సెప్పనేదు."

బయట కప్పుల చప్పుడు, పిల్లల అరుపులు. పాప ఏడుపు కూడా వినిపించింది.

"అయితే నా నిద్దర వల్ల కాదు కదా?" అని అడిగారు.

దుమ్ముగుడ్డ బల్ల మీద పెట్టేసి ఆయన పక్కకు వెళ్ళాను. "కాదు బాబాయ్" అన్నాను.

ఆయన మళ్ళీ అడిగారు, అదే మాట. మళ్ళీ చెప్పాను.